నేను చెరిపేసిన బ్రాకెట్లు

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఘనపూర్‌లు మూడు. సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం మీద ఉన్నది స్టేషన్ ఘనపూర్. జనగామకు దగ్గర్లో లింగాల ఘనపూర్. కాకతీయుల కోటగుళ్లు ఉన్న మూడోది భూపాలపల్లి వైపు ఉంది, జనం గణపురం అంటారు. పాత సర్కారు పట్టికల్లో మొదటిది ‘ఘనపూర్ (స్టేషన్)’, మూడోది ‘ఘనపూర్ (ములుగు)’. 2021 డిసెంబర్‌లో ఒక రాత్రి, ఒంటిగంట దాటాక, ఒకే ఒక్క వరుస కోడ్ రాసి ఆ రెండు బ్రాకెట్లనూ తీసేశాను. ఊళ్ల పేర్లు శుభ్రంగా కనబడాలని తీసేశాను. తెల్లారేసరికి ఆ రెండు ఘనపూర్‌లూ ఒకటే ఊరయ్యాయి. ఆ సంగతి నాకు తెలియడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలల్లో ఎవరెవరు వట్టి చేతులతో తిరిగి పోయారో ఇప్పటికీ నా దగ్గర పూర్తి లెక్క లేదు.

ఒక పాత వెబ్‌సైటును తిరగరాసే ఆ పని నాకెవరూ అప్పగించలేదు. నేనే అడిగి తీసుకున్నాను. భూమి కాగితాల విషయంలో పేద రైతులకు సాయపడే ఒక చిన్న బృందానిది ఆ వెబ్‌సైటు. కొందరు వకీళ్లు, ఊళ్లలో తిరిగే కార్యకర్తలు. పేరు రాయను. తప్పు నాది, వాళ్లది కాదు. జనగామ, మానుకోట, భూపాలపల్లి, మూడు చోట్ల మూడు బల్లలు, మూడు కంప్యూటర్లు. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ ఆ పక్క మనుషులకు అది మానుకోటే. రైతు తన దగ్గరున్న కాగితం పట్టుకొస్తాడు. పాత పహాణీ నకలు, తెల్ల కాగితం మీద రాసుకున్న సాదాబైనామా, పోడు భూమికి పెట్టుకున్న దరఖాస్తు. వీళ్లు దాన్ని స్కాన్ చేసి, వివరాలు ఎక్కించి, ఒక నంబరు రాసిన చీటీ చేతికిస్తారు. ఇంట్లో కాగితానికి చెదలు పట్టినా, వానకు ఇల్లు కురిసినా నకలు ఇక్కడ భద్రంగా ఉంటుందని ధైర్యం. 2009లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి పీహెచ్‌పీలో రాసిచ్చిన వెబ్‌సైటు, దాని వెనక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. పన్నెండేళ్లు నడిచింది.

ఈ ప్రాంతంలో పాత కాగితం విలువ బయటివాళ్లకు కొంచెం చెప్పాలి. భూమి తగాదా వస్తే మనవాళ్లు ఇప్పటికీ 1954–55 నాటి కాస్రా పహాణీ దాకా వెనక్కి పోతారు. ఆ తర్వాత రికార్డు ఎన్నిసార్లు చేతులు మారిందో చూడండి. 2017 సెప్టెంబర్‌లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2020లో వీఆర్వో పోస్టులు రద్దయ్యాయి. అదే ఏడాది అక్టోబర్ 29న ధరణి పోర్టల్ వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి. ప్రతి మార్పులోనూ ఏదో ఒక సర్వే నంబరు పక్కకు జారుతుంది, ఎక్కడో ఒక పేరు తప్పు పడుతుంది. అప్పుడు రైతుకు మిగిలేది చేతిలో ఉన్న పాత కాగితమే. ఈ మాట నాకు తెలుసు. మా నాయన పాసుపుస్తకం కోసం తిరిగిన తిరుగుడు కళ్లారా చూసినవాణ్ని. తెలిసి కూడా చేశాను. నన్ను ఇప్పటికీ బాధించేది అదే.

ఆ రోజుల్లో నేను హైదరాబాద్ కంపెనీ ఉద్యోగం హనుమకొండలో ఇంటి నుంచే చేస్తున్నాను. జనగామ ఆఫీసుకు వేరే పని మీద పోయి ఆ వెబ్‌సైటు మొదటిసారి చూశాను. బూడిద రంగు బటన్లు, కింద గీత ఉన్న నీలం లింకులు, గళ్లు గళ్లుగా ఒక పొడవాటి పట్టిక. సిగ్గనిపించింది, నాకేదో అవమానం జరిగినట్టు. అక్కడ పదేళ్లకు పైగా టైపు చేస్తున్న ఆపరేటర్ అక్కను అడిగాను, “ఇంకా ఇదే వాడుతున్నారా అక్కా?” అని. “నడుస్తుంది గద తమ్మీ,” అన్నది. అంతకంటే మంచిది ఉంటుందని ఆమెకు తెలియదు, అందుకే అట్లా అంటోంది అనుకున్నాను. ఆమె చేతివేళ్లు కీబోర్డు మీద ఎట్లా పోతున్నాయో నా పక్కనే కనబడుతోంది. ట్యాబ్, నంబరు, ట్యాబ్, నంబరు, ఎంటర్. తెర వైపు చూడకుండా, కాగితం మీది చూపు కదలకుండా. నేను బటన్ల రంగు చూస్తున్నాను.

నాకు రియాక్ట్ మీద నిజమైన ప్రేమ ఉండేది, ఇప్పటికీ ఉంది. 2013లో ఫేస్‌బుక్ వాళ్లు బయటికిచ్చిన ఆ లైబ్రరీ మా తరం వెబ్ పనివాళ్ల చేతికి ఒక కొత్త పనిముట్టు ఇచ్చింది. పాత పద్ధతిలో ప్రతి నొక్కుకూ సర్వరు పేజీ మొత్తం రాసి పంపాలి. కొత్త పద్ధతిలో కోడ్ ఒకసారి బ్రౌజర్‌కు చేరితే అక్కణ్నుంచి తెరను అదే గీసుకుంటుంది, మారిన ముక్కనే మారుస్తుంది. చేస్తున్నప్పుడు అందులో ఆనందం ఉంటుంది. జిల్లా ఎంచుకుంటే మండలాలు జారి కిందికి రావడం, మండలం ఎంచుకుంటే ఊళ్లు రావడం, స్కాన్ కాపీ మీద వేలు పెడితే పెద్దది కావడం. పదకొండు వారాల సాయంత్రాలు ఈ తెరల మీద పెట్టాను. పాత వివరాలను కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించడానికి పెట్టింది రెండు రాత్రులు. నా తెలివితక్కువతనం ఎంతటిదో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు. మిగతాదంతా ఆ రెండు రాత్రుల కథే.

మొదటి రాత్రి చేసింది బ్రాకెట్ల పని. పాత డేటాబేస్‌లో ఊరి పేరు ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. జనగామ, జనగాం, జన్‌గాం. కేసముద్రం పక్కన ఒకచోట ‘స్టే’, ఇంకోచోట ‘విలేజ్’. నాకు అదంతా మురికిలా కనబడింది. బ్రాకెట్లు తీసెయ్యి, ఖాళీలు తీసెయ్యి, ఒకే పేరున్నవి కలిపెయ్యి అని స్క్రిప్టు రాశాను. లింగాల ఘనపూర్‌కు బ్రాకెట్ లేదు కాబట్టి అది మాత్రం బతికింది. గణపురం రైతుల కాగితాలన్నీ జిల్లాలు దాటి జనగామ జిల్లాలోకి వచ్చి పడ్డాయి.

జిల్లా సంగతి ఇంకా పెద్దది. 2016 అక్టోబర్ 11న వరంగల్ జిల్లా అయిదు ముక్కలైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. ఖమ్మం నుంచి గార్ల, బయ్యారం వచ్చి మహబూబాబాద్‌లో కలిశాయి. కరీంనగర్ నుంచి కాటారం, మహదేవపూర్ వచ్చి భూపాలపల్లిలో చేరాయి. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. గణపురం పేరు పక్కన ములుగు ఉన్నా ఊరు మాత్రం భూపాలపల్లిలోనే ఉండిపోయింది. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అంటే ‘వరంగల్ జిల్లా’ అన్న మాట 2015 కాగితం మీద ఉంటే ఒక అర్థం, 2022 కాగితం మీద ఉంటే ఇంకో అర్థం. పాత డేటాబేస్‌లో జిల్లా ఒట్టి అక్షరాలుగా ఉండేది. కాగితం మీద ఏముంటే అదే, పక్కన కాగితం తేదీ. నేను దాన్ని సరిదిద్దాను. ప్రతి మండలానికీ ఒకే జిల్లా, ఇవాళ్టి జిల్లా. దాంతో 2013లో ఇచ్చిన కాగితపు వివరాలు ముద్రిస్తే పైన ‘జయశంకర్ భూపాలపల్లి జిల్లా’ అని పడింది. ఆ కాగితం పుట్టిననాడు ఆ జిల్లా లేదు. ఎదుటి వకీలు చూస్తే దొంగ కాగితమని అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఊరు ఒక చోట ఉంటుంది గానీ దాని పేరు, జిల్లా, కాలంతోపాటు నడుస్తాయని నాకు చదువు చెప్పకపోలేదు. దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న కడివెండిలో తూటాకు బలైననాడు ఆ ఊరు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉంది. తర్వాత వరంగల్ జిల్లా అయింది. ఇప్పుడు జనగామ జిల్లా. కడివెండి ఎక్కడికీ పోలేదు. చాకలి ఐలమ్మ భూమి కోసం నిలబడ్డ పాలకుర్తీ అంతే. ఈ కథలు చిన్నప్పటి నుంచీ విన్నవాణ్ని. డేటాబేస్ ముందు కూర్చునేసరికి విన్నది ఒక్కటీ గుర్తుకు రాలేదు.

రెండో రాత్రి తప్పు గురించి రాయడం కష్టంగా ఉంది.

పాత పట్టికలో చివరి గడి పేరు ‘వివరం’. దాన్ని తెరిచి చూస్తే నా లాప్‌టాప్ మీద ఇంగ్లిష్ అక్షరాలు, వాటి నెత్తిన కొమ్ములు, మధ్యలో చుక్కలు, కోట్ గుర్తులు. ఒక్క మాటా చదవరాలేదు. ఎన్‌కోడింగ్ పాడైపోయింది, ఇదంతా చెత్త అని నిర్ణయించుకున్నాను. ఎవర్నీ అడగలేదు. ఫోన్ తీసి అక్కకు ఒక్కసారి చేసి ఉంటే అయిపోయేది. రాత్రి అయిందని చేయలేదు, పొద్దున దాకా ఆగనూ లేదు. ఆ గడిని వదిలేసి మిగతావి ఎక్కించాను.

అది చెత్త కాదు, తెలుగే. అను ఫాంటులో టైపు చేసిన తెలుగు. డీటీపీ సెంటర్లలో పనిచేసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. యూనికోడ్ 1991 నుంచీ తెలుగుకు 128 స్థానాలు కేటాయించి ఉంచింది గానీ, మన ముద్రణ పనంతా ఏళ్ల తరబడి అను, శ్రీలిపి లాంటి ఫాంట్ల మీదే నడిచింది. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చోబెడతాయి. ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చక్కటి తెలుగు, లేనిదాంట్లో పిచ్చిగీతలు. ఆ మూడు ఆఫీసుల కంప్యూటర్లలో ఫాంటు ఉంది. నా దాంట్లో లేదు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు అప్పటికే ఉన్నాయి, పైసా ఖర్చు లేదు, ఒక పూట పని.

ఆ గడిలో ఏముండేది? హద్దులు. సాదాబైనామా అంటే రిజిస్ట్రేషన్ లేని అమ్మకం కాగితం. అందులో సర్వే నంబరు ఉండొచ్చు, లేకపోవచ్చు, ఉన్నా తప్పుండొచ్చు. నాలుగు దిక్కుల హద్దులు మాత్రం ఉంటాయి: తూర్పున ఎవరి చెలక, పడమర ఏ వాగు, దక్షిణాన ఏ బాట. పాత స్కాన్‌లు మసకగా ఉంటాయని, రైతు ఎదురుగా కూర్చుని చదివి చెబుతుంటే ఆపరేటర్లు హద్దులన్నీ ఆ గడిలో ఎక్కించేవాళ్లు. సాక్షి సంతకం పెట్టినవాళ్లలో ఎవరు బతికున్నారు, వాళ్ల కొడుకులు ఎక్కడున్నారు, అదీ అందులోనే.

2022 మార్చిలో పాత సర్వరు గడువు తీరింది. డబ్బు మిగులుతుందని, రెన్యువల్ చేయొద్దని చెప్పింది నేనే. నా దగ్గర మిగిలిన బ్యాకప్ నేను శుభ్రం చేశాక తీసిందే.

మానుకోటలో జరిగింది వేరే రకం. అక్కడ కొత్తగూడ, గంగారం వైపు పోడు దరఖాస్తులు ఎక్కువ. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. గిరిజనులు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ సాగులో ఉన్నట్టు చూపాలి. ఇతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు ఆ అడవిని ఆధారం చేసుకుని బతికినట్టు చూపాలి. దీనికి రుజువుల్లో పెద్దమనుషుల వాంగ్మూలం కూడా ఒకటని, అది రాతలో ఉండాలని ఆ చట్టం నియమాలే చెబుతున్నాయి. పాత వెబ్‌సైటులో ‘సాగు ఎప్పటి నుంచి’ అన్న గడిలో ఎంత పొడవైనా రాసుకోవచ్చు. మా తాత చెట్లు కొట్టినప్పటి నుంచి, ఫలానా కరువు ఏడాది నుంచి అని ఎవరు చెప్పింది వాళ్ల మాటల్లోనే ఉండేది. నేను అక్కడ క్యాలెండర్ పెట్టాను. రోజు, నెల, సంవత్సరం. నింపకపోతే ముందుకు పోదు. అక్కడి ఆపరేటర్ చెల్లె ఏం చేయగలదు? అందరికీ జనవరి 1 వేసింది. పైగా 05–06–2004 అని రాసి ఉన్న పాత తేదీని జావాస్క్రిప్ట్ మే 6గా చదివింది, మనకు అది జూన్ 5. విచారణకు పట్టుకుపోయే ముందు వకీలు ఆ జాబితా చూసి ఆపాడు. ఇంతమంది ఒకే రోజు నాగలి కట్టారా అని ఎవరైనా అడుగుతారు. ఆయన ఆపకపోయి ఉంటే నిజం చెప్పిన మనుషులు అబద్ధాలకోరుల్లా నిలబడేవాళ్లు.

తండాల సంగతీ చెప్పాలి. ఊళ్ల జాబితా 2011 జనగణన నుంచి తెచ్చుకున్నాను. అందులో ఉండేవి రెవెన్యూ గ్రామాలు. 2018లో తండాలెన్నో గ్రామపంచాయతీలయ్యాయి, నా జాబితాలో మాత్రం అవి లేవు. లంబాడా రైతు తన ఊరి పేరు చెబితే నా వెబ్‌సైటు అట్లాంటి ఊరు లేదంది.

2022 మేలో భూపాలపల్లి నుంచి ఫోనొచ్చింది. అక్కడి అన్న గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “తమ్మీ, మా గణపురపోళ్ల కాగితాలు జనగామల ఎందుకు కనవడ్తున్నయి?” మర్నాడే బస్సెక్కి పోయాను. బల్ల ముందు ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. చేతిలో పాత చీటీ, అంచులు నలిగి గుడ్డలా మెత్తబడింది. ఆయన రావడం అది మూడోసారట. మొదటి రెండుసార్లూ వెతికి, నీ కాగితం మా దగ్గర లేదు పెద్దయ్యా అని చెప్పి పంపారు. చీటీ మీద నంబరు ఉంది. కానీ నేను పాత నంబర్లకు బదులు ముప్పై ఆరు అక్షరాల కొత్త గుర్తు పెట్టి, పాత నంబరును వెతకడానికి వీల్లేని ఒక మూలన పడేశాను. ఇంట్లో అసలు కాగితాన్ని ఎప్పుడో చెదలు తిన్నది. ఆయన నన్ను చూసి సర్కారు సారనుకుని లేచి నిలబడ్డాడు. “కూసో తాతా” అన్నాను గానీ నా నోరు ఎండిపోయింది.

“ఉన్నది గద బిడ్డా? నేను ఇచ్చింది నిజం,” అన్నాడు.

ఆయన అడిగింది అంతే. పదేళ్ల కింద తన కాగితాన్ని నమ్మి మనుషుల చేతికిచ్చినవాడు, తాను ఇచ్చానన్నది నిజమేనని నా ముందు రుజువు చేసుకోవాల్సి వచ్చింది. కుదురుగా నడుస్తున్న ఒక పనిని ఆ స్థితికి తెచ్చింది నేను. జనగామ జాబితాలోకి పోయి వెతికితే స్కాన్ దొరికింది. మసక. సంతకాలు కనబడుతున్నాయి, పైన రాత కనబడుతోంది, హద్దుల దగ్గర కాగితం మడత పడి నల్లటి చార. ‘వివరం’ గడి ఖాళీ.

ఆ రాత్రి జనగామ అక్కకు ఫోన్ చేసి జరిగింది మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ప్రింట్లున్నయి తమ్మీ,” అన్నది. కరెంటు పోతే పని ఆగొద్దని, ప్రతి నెలాఖరునా మూడు ఆఫీసుల్లోనూ కొత్తగా ఎక్కిన కాగితాల పట్టికను ముద్రించి దారంతో కుట్టి బీరువాలో పెట్టడం ఆమె మొదలుపెట్టిన అలవాటు. ఈ కాలంలో ఇంకా ప్రింట్లేమిటని నేను మాన్పించాను. నేను మాన్పించిన రోజు దాకా ఉన్నవన్నీ ఉన్నాయి. తెల్ల తెరమీద నాకు పిచ్చిగీతలుగా కనబడింది ఆ కాగితాల మీద అచ్చ తెలుగులో ఉంది.

ఆ తర్వాత ఏడాదిన్నర శని, ఆదివారాలు నేను ఆ ప్రింట్ల ముందు కూర్చున్నాను. టైపు చేసే మనిషిని పెట్టి డబ్బిస్తానంటే అక్క వద్దంది. “నువ్వే కొట్టు. కొడితె తెలుస్తది,” అంది. కొట్టాను, తెలిసింది. మౌస్ పట్టుకోకుండా ట్యాబ్ మీద పోయే దారి ఎందుకు కావాలో మొదటి వందకే భుజం నొప్పి చెప్పింది. వేరే వెబ్‌సైటు కట్టాను. రియాక్ట్ అందులో ఉంది, స్కాన్‌లు తిప్పి చూసే చోట మాత్రం. మిగతా పేజీలు సర్వరే రాసి పంపుతుంది. పలిమెల అడవిలో సిగ్నల్ ఒక గీతే ఉన్నా తెరుచుకుంటాయి. జిల్లాకు రెండు గడులున్నాయి, కాగితం మీద ఉన్నది ఒకటి, ఇవాళ్టిది ఒకటి. తేదీ గడిలో క్యాలెండర్ లేదు. ఘనపూర్ అని కొడితే మూడూ వస్తాయి, బ్రాకెట్లతో సహా.

గణపురం పెద్దాయన హద్దులు 2012 నాటి కట్టలో దొరికాయి. తూర్పు, పడమర, దక్షిణం చదవగలిగాను. ఉత్తరం దగ్గర దారం కుట్టిన చిల్లు పడి అక్షరాలు పోయాయి. ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు, పోయాను. ఆయన కర్ర పట్టుకుని ముందు నడిచాడు, నేను వెనక. పొలం ఉత్తరం కొసన ఆగి కర్రతో నేల మీద కొట్టి చూపాడు. అక్కడ పచ్చగడ్డి తప్ప ఏమీ లేదు. గట్టు మీదే కూర్చుని ఫోన్‌లో వెబ్‌సైటు తెరిచి, ఆయన చెప్పింది చెప్పినట్టు ఎక్కించాను:

ఉత్తరం: చింతచెట్టు (ఇప్పుడు లేదు).